లినెన్ చొక్కా, మంగళగిరి చొక్కా: మన ఎండకు ఏది తగును?

ఏప్రిల్ వచ్చిందంటే బట్టల షాపుల అద్దాల వెనక లినెన్ చొక్కాలు బారులు తీరుతాయి. లేత నీలం, ఇసుక రంగు, పిస్తా పచ్చ. ఎండాకాలానికి ఇంతకు మించిన బట్ట లేదనే మాట ఇప్పుడు ఇంటింటా వినబడుతోంది. ఆ మాట నమ్మి డబ్బు పెట్టేముందు దాని పక్కన ఇంకో చొక్కా పెట్టి చూడాలని నా పట్టుదల. నేను పెట్టేది మంగళగిరి చేనేత నూలు చొక్కా. రెండూ మొక్క ఇచ్చిన పోగులే. రెండూ వేసవి కోసమే అమ్ముడవుతాయి. రెంటినీ ఒకే మనిషి, అదే మే నెలలో, అదే బస్సులో వేసుకు తిరుగుతాడు. కాబట్టి ఈ పోలికలో అన్యాయం లేదు.

లినెన్‌కు దక్కాల్సిన గౌరవం ముందు ఇచ్చేద్దాం. అవిసె కాడ నుంచి తీసిన ఈ నార గాలిలోని తేమను తన బరువులో 12 శాతం దాకా పట్టుకుంటుంది. పత్తి 8.5 శాతం దగ్గరే ఆగుతుంది. నార బిరుసుది, అందుకే బట్ట ఒంటికి అతుక్కోకుండా ఎడంగా నిలబడుతుంది, ఆ సందులో గాలి ఆడుతుంది. తడిసినా తొందరగా ఆరుతుంది. ప్రాచీన ఈజిప్టులో పూజారులు లినెన్ కట్టుకున్నారంటే శుచి పట్టింపు ఒక్కటే కాదు, ఆ ఎండకు అది సరిపోయింది కూడా. కానీ నైలు నది పక్క ఎండ పొడి ఎండ. చెమట పుట్టీ పుట్టగానే ఎగిరిపోయే ఎండ.

కాకినాడలోనో మచిలీపట్నంలోనో మే మధ్యాహ్నం అలా ఉండదు. అక్కడ మనిషిని చంపేది ఉక్కపోత. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలే తేమతో నిండిపోయి ఉన్నప్పుడు ఆ చెమట పోయే దారి లేదు. లినెన్ చెమటను చకచకా పీలుస్తుంది, నిజమే, కానీ పీల్చినదాన్ని ఎవరికి అప్పజెప్పాలి? 12 శాతానికీ 8.5 శాతానికీ ఉన్న తేడా అక్కడికక్కడే తరిగిపోతుంది. కోస్తాలో లినెన్ మంచి బట్టే, కానీ దాని ధర చెప్పేంత మంచిది కాదు.

ఇంకో సంగతి, ఎవరూ పట్టించుకోనిది: బనియన్. మన మగవాళ్లలో చాలామంది లినెన్ చొక్కా కింద బనియన్ వేసుకుంటారు. లేత రంగు లినెన్‌లో ఒళ్లు కనబడుతుందని కొందరు, నార గుచ్చుతోందని కొందరు, అలవాటు కొద్దీ ఇంకొందరు. అప్పుడు చెమట ముందు తాకేది బనియన్‌ని. అది ఒంటిని కరుచుకుని, తడిసి ముద్దయి, గాలి సందును మూసేస్తుంది. పైనున్న ఖరీదైన నారకు చర్మంతో పనే ఉండదు. లినెన్ కొని బనియన్ మీద తొడుక్కోవడమంటే ఆ బట్టకున్న ఒకే ఒక్క పెద్ద సుగుణాన్ని కాలదన్నుకోవడమే. మంగళగిరి నూలు మెత్తన కాబట్టి గుచ్చుతుందన్న బాధ లేదు. పలచని తెలుపైతే తప్ప బనియన్ అవసరమే రాదు.

ఆ మెత్తదనం ఎక్కడిదో లెక్కలో చూడొచ్చు. లినెన్ చొక్కా చీటీ మీద తరచు 60 లీ అని ఉంటుంది. మంగళగిరి నేతలో సంప్రదాయంగా పడుగూ పేకా రెండూ 80 కౌంటు. 60కీ 80కీ పెద్ద తేడా లేదనుకుంటారు కొనేవాళ్లు. కానీ ఆ రెండు కొలతలూ వేరు. లినెన్‌లో ఒక లీ అంటే పౌనుకు 300 గజాలు, పత్తిలో ఒక కౌంటు అంటే పౌనుకు 840 గజాలు. 60 లీ లినెన్ నూలు పౌను తూకంలో 18,000 గజాలు వస్తే, 80 కౌంటు పత్తి నూలు 67,200 గజాలు వస్తుంది. పత్తి లెక్కలోకి మారిస్తే ఆ లినెన్ 21 కౌంటు మాత్రమే. శ్రీకాకుళం జిల్లా పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకి 100 కౌంటుకు వడికే చేతుల ముందు ఆ పోగు ఎంత మొరటో చెప్పనక్కర్లేదు. మొరటు పోగుతో పలచని బట్ట రావాలంటే నేత వదులుగా ఉండాలి. వదులు నేతలోంచి గాలే కాదు, ఎండా దిగుతుంది. చంకల దగ్గరా వీపు కుట్ల దగ్గరా పోగులు జరిగి సందులు పడేదీ ఇందుకే.

ఇక ముడతలు. లినెన్ మీద అందరూ చెప్పే ఫిర్యాదే ఇది, కానీ కారణం దాకా వెళ్లినవాళ్లు తక్కువ. అవిసె నార పొడవులో రెండు మూడు శాతం సాగేసరికే తెగుతుంది. పత్తి పోగు దానికి రెట్టింపు పైన సాగి ఓర్చుకుంటుంది. సాగని పోగు వంగితే తిరిగి లేవదు. పైగా ముడత గట్టిపడాలంటే కావలసినవి మూడు: తడి, వేడి, ఒత్తిడి. మే నెల ఉదయం పదింటికి స్కూటర్ మీద కూర్చున్న మనిషి వీపు దగ్గర ఈ మూడూ ఉంటాయి. చెమట తడి పోగుల్లోని పట్టును సడలిస్తుంది, ఒంటి వేడి, సీటు ఒత్తిడి దాన్ని నలిగిన చోటే నిలబెడతాయి. విజయవాడ బెంజి సర్కిల్ నుంచి ఆఫీసు చేరేలోపు మోచేతి లోపల నాలుగు అడ్డగీతలు, నడుం దగ్గర ముద్ద, వీపున బ్యాగు పట్టీ అచ్చు. అంటే లినెన్ ముడత పడేది ఎండాకాలంలోనే మరీ ఎక్కువ. ఏ కాలం కోసం కొన్నామో ఆ కాలమే దాని రూపు చెడగొడుతుంది.

ముడత అందమేనని వాదించేవాళ్లున్నారు. వదులుగా, చొక్కా బయటికి వదిలి, సాయంత్రం తిరగబోతే ఆ మాట ఒప్పుకుంటాను. కానీ మన ఆఫీసులు నలిగిన చొక్కాను నిర్లక్ష్యంగా లెక్కగడతాయి. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడికో, కౌంటరు వెనక రోజంతా నిలబడేవాడికో ఆ అందం అందుబాటులో లేదు. అది పైవాళ్లకే చెల్లుతుంది. మంగళగిరి చొక్కా నలగదని కాదు, నలుగుతుంది. కానీ చేత్తో నాలుగుసార్లు దులిపి లాగితే కొంతైనా మాట వింటుంది.

ఈ ముడతల భారం చివరికి పడేది ఇస్త్రీ బండి పెట్టుకున్న మనిషి మీద. దగ్గర నిలబడి చూడండి. లినెన్ చొక్కా వచ్చిందంటే ఆయన ముందు నీళ్లు చల్లి చుట్టి పక్కన పెడతాడు. పొడిగా ఉంటే అది లొంగదు. తర్వాత బొగ్గుల పెట్టె బాగా కాగేదాకా ఆగి, ఒంటి బరువంతా వేసి రుద్దుతాడు. రెండు నూలు చొక్కాలు అయ్యే సమయం ఈ ఒక్కదానికే పోతుంది. ఎండలో, నిప్పుల పక్కన. చాలాచోట్ల రెంటికీ ఇచ్చేది ఒకటే రేటు. మనకు చల్లదనం ఇస్తుందంటున్న బట్ట ఆయనకు అదనపు వేడి పెడుతోందన్నది నాకు చిన్న విషయంగా తోచదు. అదే మడత మీద అంత వేడిగా మళ్లీ మళ్లీ నొక్కడం వల్ల కాలరు అంచునా కఫ్‌ల అంచునా రంగు వెలిసి తెల్ల గీత పడుతుంది. కొన్నాళ్లకు ఆ గీత వెంబడే పోగులు ఒక్కొక్కటే తెగి నూగులా పైకి లేస్తాయి. చొక్కా మిగతా భాగమంతా కొత్తగానే ఉంటుంది. లాగితే బలమైన నారే, తడిస్తే ఇంకా బలం పెరుగుతుంది కూడా. మడతకు మాత్రం ఓడిపోతుంది. ఆ మడత కాలరులోనే ఉంది మరి.

మంగళగిరి చొక్కాను గుడ్డిగా వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. మొదటి రెండు మూడు ఉతుకుల్లో ముదురు రంగులు కారతాయి. చెమటతో బాగా తడిస్తే వీపుకు అతుక్కుని, ఆరడానికి లినెన్ కన్నా ఎక్కువసేపు తీసుకుంటుంది. అన్నిటికన్నా పెద్ద తప్పు మనం చేసేది: గంజి. గంజి దట్టంగా పెట్టి అట్టలా ఇస్త్రీ చేయిస్తే పోగుల మధ్య సందులు పూడుకుపోతాయి, 80 కౌంటు నేత ఇచ్చే గాలి అంతా పోతుంది. తెల్లారి ఫెళఫెళలాడిన చొక్కా మధ్యాహ్నానికి చెమటలో జిగురుగా మారుతుంది. గంజి పెట్టిన నూలు చొక్కాకూ లినెన్‌కూ పోటీ పెడితే, ఆ ఒక్క పోటీలో లినెన్‌దే గెలుపు.

తెలంగాణలోనూ రాయలసీమలోనూ తీర్పు కొంత మారుతుంది. కరీంనగర్, అనంతపురం ఎండ పొడిది. అక్కడ సాయంత్రం పూట, వదులు కుట్టు లినెన్ చొక్కా, లోపల బనియన్ లేకుండా వేసుకుంటే నూలు కన్నా హాయి. మధ్యాహ్నం వడగాలిలో మాత్రం ఆ వదులు నేత ఎదురు తిరుగుతుంది. గాలి మన చర్మం కన్నా వేడిగా ఉన్నప్పుడు దాన్ని లోపలికి రానిచ్చే బట్ట ఉపకారి కాదు. ఇక ఒంటికి బిగించి కుట్టిన లినెన్ ఏ ఊళ్లోనూ పనికిరాదు. గాలి సందు ఉండదు, సాగని పోగు భుజాల దగ్గర కుట్లను లాగుతుంది.

లినెన్ విదేశీ నార కాబట్టి వద్దనే వాదం నాది కాదు. నార కోసం పెంచే అవిసె ఫ్రాన్స్, బెల్జియం తీరాల చల్లని తేమలో ఏపుగా పెరుగుతుంది. మన దగ్గర అవిసె ఎక్కువగా గింజల కోసమే పండుతుంది. కాబట్టి ఇక్కడి మిల్లులు నారను తెప్పించుకోక తప్పదు, ధరలో ఆ దూరం కూడా కలుస్తుంది. చర్మానికి మాత్రం దేశాభిమానం తెలియదు. దానికి హాయిగా ఉందా లేదా అన్నదే తెలుసు. ఆ పరీక్షలోనే కోస్తా ఎండకు మంగళగిరి నెగ్గుతుందని నేనంటున్నాను.

అయినా కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ కుర్రాడు లినెనే కొంటున్నాడంటే తప్పు అతనిది కాదు. లినెన్ షాపులో 38 నుంచి 46 దాకా సైజులుంటాయి, కాలరు కుదురుగా ఉంటుంది, తొడుక్కుని చూసుకోవడానికి గది ఉంటుంది. చేనేత దుకాణంలో చాలావరకు తాను చూపించి రెండున్నర మీటర్లు చింపి ఇస్తారు. రెడీమేడ్ ఉన్నా మూడు సైజులు, మెడ దగ్గర చుట్టుకుపోయే కాలరు. దర్జీ కోసం వారం తిరిగే ఓపిక అతనికి లేదు. గుంత మగ్గం మీద అంత సన్నని బట్ట నేసిన చేతికి, మంచి కత్తెర పట్టిన చెయ్యి తోడు కావాలి. చేనేత సంఘాలు ఈ వేసవికి కొత్త రంగులు వేయించడం మాని, ముందు కుట్టు నేర్చిన నలుగురిని పనిలో పెట్టుకోవాలి.