పటం మీద వంగిన పిల్లలు

మేరీ కసాట్ 1890లో చేసిన ‘పటం’ అనే డ్రైపాయింట్ చిత్రంలో ఇద్దరు పిల్లలు బల్ల మీద పరచిన దేశపటం మీదికి వంగి ఉంటారు. మనవైపు చూడరు. (ముద్దుముఖాలు కోరే చూపరికి కాస్త నిరాశే.)

ఈ పద్ధతిలో ఆమ్లంతో పని లేదు. సూదితో రాగిరేకును నేరుగా గీరడమే. గంటంతో తాటాకు గీరి మసి పూసిన వాళ్ళ మనుమలం, మనకిది కొత్త కాదు. అయితే గీత పక్కన లేచిన రాగి అంచు కూడా సిరా పట్టి, గీతకు మఖమల్ మెత్తదనం ఇస్తుంది. అచ్చు ఒత్తిడికి ఆ అంచు త్వరగా అణిగిపోతుంది. మంచి ప్రతులు కొన్నే. తప్పు గీత దాగదు కనుక కసాట్ పొదుపుగా గీసింది. చదువంతా ఆ మెడల వంపులోనే ఉంది.

రాజపాళయంలో మన పిల్లలూ ఇలాగే వంగుతారు, తమిళ, ఇంగ్లీషు పుస్తకాల మీద. 2006 చట్టం బడుల్లో ఒకటో తరగతి నుంచి అంచెలంచెలుగా తమిళాన్ని తప్పనిసరి చేసింది. తెలుగు నోటికే మిగిలింది. పిల్లలకు ఆసక్తి లేదని పెద్దలంటే నేనొప్పను. కసాట్ పిల్లల ముందు ఎవరో పటం పరిచారు. మన ఇంటి బల్ల మీద తెలుగు వాచకం ఏదీ?