ముందు నీళ్ల ట్యూబ్ చూడు

హైదరాబాద్ శివార్లలోని అత్వెల్లి నుంచి తూర్పుకు వెళ్తే తుర్కపల్లి, దాని చుట్టూ జీనోమ్ వ్యాలీ. కోవాగ్జిన్ తయారుచేసిన భారత్ బయోటెక్ ఉన్నది అక్కడే. ఇలాంటి కంపెనీల పరిశోధన విభాగాలకు మాలిక్యులర్ బయాలజీలో పీహెచ్‌డీ చేసినవాళ్లు కావాలి. ఆ ఐదారేళ్లలో వాళ్లు నేర్చుకునేదేమిటి? పుస్తకంలో దొరికేది కొంతే. మిగిలినది సీనియర్ చేతిని చూసి జూనియర్ పట్టుకునే పనితనం. తన ఫలితాన్ని అందరికంటే ముందు తానే అనుమానించడం అందులో మొదటి పాఠం.

పీసీఆర్‌నే తీసుకోండి. డీఎన్‌ఏ ముక్కను కోట్ల ప్రతులుగా పెంచే పద్ధతి ఇది, 1983లో కేరీ మల్లిస్‌కు తట్టింది. 95 డిగ్రీల వేడికి డీఎన్‌ఏ జంట పోగులు విడిపోతాయి. 55-60 డిగ్రీలకు చల్లబడితే ప్రైమర్లనే చిన్న డీఎన్‌ఏ ముక్కలు వాటికి అతుక్కుంటాయి. 72 దగ్గర టాక్ ఎంజైమ్ కొత్త పోగు అల్లుతుంది. 30 విడతలు తిరిగేసరికి, లెక్క ప్రకారం, ఒక్క అణువు 107 కోట్లు దాటుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. పిపెట్‌కు అంటుకున్న పాత డీఎన్‌ఏ కాస్త కలిసినా, అదీ అలాగే పెరుగుతుంది. అందుకే ఒక ట్యూబ్‌లో డీఎన్‌ఏ బదులు నీళ్లు పోస్తారు, మిగతావన్నీ మామూలే. ఫలితాన్ని జెల్ మీద నడిపినప్పుడు ఆ నీళ్ల వరుసలోనూ అదే డీఎన్‌ఏ గీత, అంటే బ్యాండ్, కనిపిస్తే, పక్క బ్యాండ్లు ఎంత అందంగా ఉన్నా పనికిరావు. కచ్చితంగా బ్యాండ్ ఇవ్వాల్సిన నమూనా మరొకటి ఉంటుంది. ఆ బ్యాండ్ రాకపోతే ‘ఇందులో లేదు’ అన్న జవాబునూ నమ్మలేం. ఈ రెండు ట్యూబ్‌లనే కంట్రోల్‌లు అంటారు.

ఈ అలవాటు పీసీఆర్ కంటే పాతది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల తొలినాళ్లలో బోస్టన్ చేరారు. పొట్టపోసుకోవడానికి ఆస్పత్రిలో చిన్నాచితకా పనులు చేస్తూనే, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పరిశోధన సాగించారు. ఒంట్లోని ఫాస్ఫరస్‌ను నీలం రంగు గాఢతతో కొలిచే పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రకటించారు. తెలిసిన మోతాదు ఉన్న ద్రావణాన్ని పక్కన పెట్టి రంగు పోల్చాలి. కండరం నుంచి తీసిన నమూనాలో మాత్రం రంగు వెంటనే రాలేదు, మెల్లగా ముదిరింది. పక్కన ప్రామాణిక ద్రావణం ఉండబట్టే ఆ ఆలస్యం పట్టుబడింది. వాళ్లు దాన్ని కొట్టిపారేయలేదు. కారణం తవ్వితే 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం బయటపడింది. 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీ దొరికింది. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది దాన్ని విడిగా కనుగొన్నారు. సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది ఆ మరుసటి ఏడాది.

ఇవాళ్టి విద్యార్థి సాధారణంగా ముందు జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) పరీక్ష గట్టెక్కాలి. 2023 నుంచి ఆ స్టైపెండ్ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000, అద్దె భత్యం అదనం. బ్యాక్టీరియాకు ఆదివారం లేదు. సాయంత్రం ప్లేట్ మీద పరిస్తే మర్నాడు పొద్దున కాలనీలు ఎదురుచూస్తుంటాయి. కుదరని ప్రయోగాన్నీ తేదీతో సహా నోట్‌బుక్‌లో రాయాలి. ల్యాబ్ మీటింగ్‌లో స్లయిడ్ పడగానే ఎవరో ఒకరు అడుగుతారు: “కంట్రోల్ ఏదీ?” ఇంటికెళ్తే “ఇంకా ఎన్నేళ్లురా?” అన్న ప్రశ్న ఉండనే ఉంటుంది. మొదటిదానికి సరైన జవాబు లేకపోతే రెండోదానికీ ఉండదు.

ఈ శిక్షణ విలువ 2020లో ఊరందరికీ కనిపించింది. పుష్పమిత్ర భార్గవ సారథ్యంలో 1977లో మొదలైన పరిశోధన సంస్థ సీసీఎంబీ, హైదరాబాద్‌లోని హబ్సిగూడలో కోవిడ్ పరీక్షలు చేసింది. స్వాబ్‌ను ద్రవంలో ముంచకుండా పొడిగా తెచ్చి, ఆర్‌ఎన్‌ఏను వేరుచేసే పెద్ద అంచె లేకుండానే పరీక్షించే పద్ధతినీ రూపొందించింది. అంచెలు తగ్గినా కంట్రోల్‌లు మాత్రం తప్పవు. అవి సరిగ్గా రాకపోతే ఒక్క రిపోర్టూ బయటికి వెళ్లకూడదు.

థీసిస్ అరలోకి వెళ్లిపోవచ్చు, అందులోని ఎంజైమ్‌ను ఎవరూ మళ్లీ తలచుకోకపోవచ్చు. ఆ థీసిస్ రాసిన మనిషి రేపు టీకా కంపెనీలో చేరితే మాత్రం, అందరూ ఫలితం కోసం తొందరపడుతున్న వేళ “ముందు నీళ్ల ట్యూబ్ చూపించండి” అంటాడు. ప్రజలు స్టైపెండ్ ఇచ్చి పెంచుకుంటున్నది ఆ మొండితనాన్నే.