కట్టె, కొట్టె, తెచ్చె తర్వాత

రామాయణాన్ని మూడు ముక్కల్లో చెప్పమంటే తెలుగువాళ్లెవరూ తడుముకోరు. కట్టె, కొట్టె, తెచ్చె. వారధి కట్టాడు, రావణుణ్ణి కొట్టాడు, సీతను తెచ్చాడు. ఎవరైనా ఒక విషయాన్ని హడావిడిగా తేల్చేస్తే ఎత్తిపొడవడానికి ఈ మాట వాడుతుంటాం గానీ, దాని వెనక ఉన్న అలవాటు తేలికైంది కాదు. పెద్ద కథను చిన్న మాటలోకి దించి చూసుకోవడం మన సాహిత్యంలో మొదటినుంచీ ఉన్న పని. ఇవాళ నవల రాసి, దిద్ది, తుది ప్రతి సిద్ధం చేసుకున్న రచయితను ప్రచురణకర్త అడిగే మొదటి ప్రశ్న, “ఇంతకీ నవల దేని గురించండీ?” అని. చాలామంది అక్కడే ఆగిపోతారు. కొందరు నొచ్చుకుంటారు కూడా. నాలుగు వందల పేజీలు రాసినవాణ్ణి నాలుగు ముక్కలు చెప్పమనడం అవమానమనిపిస్తుంది. కానీ ఆ నాలుగు ముక్కలు అమ్మకం కోసం రాసేవి కావు. అవి దిద్దుబాటులో ఆఖరి అంచె. అవి కుదరనంత వరకు నవల దిద్దడం పూర్తి కానట్టే.

మన ఇతిహాసాలు ఈ పనిని గ్రంథం బయట కాదు, గ్రంథంలోనే, అదీ మొదట్లోనే చేశాయి. 24,000 శ్లోకాలదని చెప్పుకునే రామాయణంలో బాలకాండ మొదటి సర్గలోనే నారదుడు వాల్మీకికి మొత్తం కథ చెప్పేస్తాడు. సంక్షేప రామాయణమని ఇళ్లలో విడిగా పారాయణ చేసేది దాన్నే. అక్కడితో ఆగలేదు. మూడో సర్గలో కథ మరోసారి క్లుప్తంగా వస్తుంది. అంటే అసలు కథ మొదలు కాకముందే పాఠకుడికి అది రెండుసార్లు తెలిసిపోయింది. మహాభారతం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆదిపర్వం ఆరంభంలో అనుక్రమణిక, ఆ వెంటనే పర్వసంగ్రహం ఉంటాయి. ఏ పర్వంలో ఏం జరుగుతుందో చెప్పడమే కాకుండా ఎన్ని అధ్యాయాలు, ఎన్ని శ్లోకాలు ఉన్నాయో కూడా పర్వసంగ్రహం లెక్క చెబుతుంది. నన్నయ కూడా తన ఆదిపర్వం మొదటి ఆశ్వాసంలో పర్వాల పట్టికను వదిలిపెట్టలేదు. ఆ పట్టిక ఉన్నచోట తర్వాతివాళ్లు ఏదైనా కలిపితే, ఏదైనా జారిపోతే పట్టుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది. కథ ముందే తెలిస్తే చదివేవాడికి ఆసక్తి చచ్చిపోతుందని భయపడేవాళ్లకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ముందే తెలిసిన ఈ రెండు కథలనే ఈ దేశం అన్నిటికంటే ఎక్కువసార్లు చదివింది, విన్నది, ఆడింది.

అయితే కథను కుదించడం వేరు, దాని ఆంతర్యాన్ని కుదించి చెప్పడం వేరు. కట్టె కొట్టె తెచ్చె అన్నది సంఘటనల వరస. అందులో ఎందుకు అన్నది లేదు. ఆ రెండో పనిని చేసి చూపించినవాడు తొమ్మిదో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు. ధ్వన్యాలోకం నాలుగో ఉద్ద్యోతంలో ఆయన రామాయణానికీ భారతానికీ ప్రధాన రసం ఏదని అడిగి జవాబు వెతికాడు. వెతికిన పద్ధతి గమనించదగ్గది. రామాయణం ఎక్కడ మొదలైంది? క్రౌంచపక్షిని చూసి వాల్మీకి పడిన శోకం శ్లోకం కావడంతో. ఎక్కడ ముగిసింది? రాముడికి సీత శాశ్వతంగా దూరం కావడంతో. కాబట్టి కావ్యమంతటికీ ప్రాణం కరుణరసమని తేల్చాడు. భారతం చివర వృష్ణులు, పాండవులు అందరూ నీరసించి రాలిపోవడాన్ని చూసి, ఇన్ని యుద్ధాల గ్రంథానికీ శాంతమే ప్రధానమన్నాడు. ఇప్పుడు రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మన జాతీయం సీతను తెచ్చిన చోట ఆగింది. ఆనందవర్ధనుడు సీతను పోగొట్టుకున్న చోటు దాకా వెళ్లాడు. ఒకే కథ, ముగింపు ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి ఒకటి విజయగాథ అయింది, రెండోది దుఃఖగాథ అయింది. నవలాకారుడు తన నవల దేని గురించో తేల్చుకోలేకపోతున్నాడంటే, చాలాసార్లు చిక్కు మాటల్లో ఉండదు. నవల ఎక్కడ ముగిసిందో ఆయన ఇంకా నిర్ణయించుకుని ఉండడు.

ఈ వెతుకులాటకు మీమాంసకులు, వేదాంతులు ఒక పనిముట్టును తయారుచేసి పెట్టారు. ఒక గ్రంథం తాత్పర్యం ఏమిటో నిర్ణయించడానికి ఆరు గుర్తులు చూడమన్నారు: ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. శాస్త్రగ్రంథాల కోసం పుట్టిన ఈ పద్ధతిని నవల రాతప్రతి మీద పెట్టి చూస్తే అది ఎంత పదునైందో తెలుస్తుంది. మొదటి ప్రకరణాన్నీ చివరి ప్రకరణాన్నీ మధ్యలో ఏదీ చూడకుండా వెంటవెంటనే చదవడం ఉపక్రమోపసంహారాల పరీక్ష. మొదటిది లేవనెత్తిన ప్రశ్నకూ చివరిది చెప్పిన జవాబుకూ సంబంధం లేకపోతే, రాస్తూ రాస్తూ రచయిత వేరే నవలలోకి వెళ్లిపోయాడన్నమాట. అది తప్పు కాదు, చాలా మంచి నవలలకు అలా జరుగుతుంది. కానీ అప్పుడు మొదటి ప్రకరణం మళ్లీ రాయాలి. అభ్యాసమంటే పదేపదే వచ్చేది. ఒక వస్తువు, ఒక భయం, ఒక మాట రాతప్రతిలో రచయితకు తెలియకుండానే పదిచోట్ల తలెత్తుతుంది. వాటికి పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ పోతే, తాను రాశాననుకున్నది కాక తాను నిజంగా రాసింది బయటపడుతుంది. అపూర్వత మరే నవలా చెప్పనిది, ఇది మాత్రమే చెప్పేది. ఫలం, ఇదంతా జరిగాక ఎవరిలో ఏం మారిందన్నది. అర్థవాదం అంటే నవల వేటిని మెచ్చుకుంటోంది, వేటిని తెగనాడుతోంది అనేది. రచయిత ఉపన్యాసాలు పట్టుబడేది ఇక్కడే. ఉపపత్తి, ఒకదానివల్ల ఒకటి జరిగిందని నమ్మించే కారణాలు. ఆరూ ఒకే వైపు వేలు చూపిస్తే క్లుప్తరూపం దానంతటదే వస్తుంది. ఒకటి అటూ ఒకటి ఇటూ చూపిస్తే, ఇంకా దిద్దాల్సింది ఎక్కడుందో తెలుస్తుంది.

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’నే తీసుకుందాం. ‘ధనవంతుడి కొడుకు సీతారామారావు ఆస్తంతా పోగొట్టుకుని చితికిపోతాడు’ అంటే కథ చెప్పినట్టే, కానీ ఆ వాక్యం మరో యాభై నవలలకూ సరిపోతుంది. ఆరు గుర్తులూ వెతికాక వాక్యం మారుతుంది: ‘వంశగౌరవం నిలబెట్టాలన్న తండ్రి మాటను నెత్తిన మోస్తూ, బతకడానికి కావలసిన మరే పనీ నేర్చుకోని మనిషి తన ఆలోచనలతోనే తనను నాశనం చేసుకున్న కథ.’ ఇందులో కారణం ఉంది, పాత్ర స్వభావం ఉంది, పతనం బయటినుంచి కాక లోపలినుంచి వచ్చిందన్న ఎరుక ఉంది. తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా దీన్ని ఎందుకు చెప్పుకుంటారో ఈ ఒక్క వాక్యంతో అర్థమవుతుంది. ఏ పేజీ ఈ వాక్యానికి పనికొస్తుందో, ఏది రాదో కూడా తెలుస్తుంది.

వారపత్రికలు సీరియల్ నవలలను ఇంటింటికీ చేర్చిన రోజుల్లో ఈ విద్య మరో రూపంలో బతికింది. ప్రతి వారం సీరియల్ నెత్తిన ‘జరిగిన కథ’ అని చిన్న పెట్టె ఉండేది. నడుమ రెండు వారాలు తప్పిపోయినవాళ్లు కూడా అది చదివి కథలో పడేవాళ్లు. దాన్ని రాసే సబ్ ఎడిటర్‌కు వర్ణనలతో పనిలేదు: ఎవరికి ఎవరు ఏమవుతారు, ఎవరికి ఏం కావాలి, ప్రస్తుతం అడ్డుపడుతున్నదేమిటి, అంతే. నవల దిద్దుకునేవాళ్లు ఒక్కో ప్రకరణానికీ ఇలాంటి పెట్టె ఒకటి రాసుకుంటే చాలు. మూడు ప్రకరణాల పాటు ‘జరిగిన కథ’ మారలేదంటే ఆ మూడింటిలో ఏమీ జరగలేదు. సీరియల్‌ను పుస్తకంగా తెచ్చేటప్పుడు ఇది మరీ ముఖ్యం. వారం వారం పాఠకుణ్ణి నిలబెట్టడానికి పెట్టిన కొసమెరుపులు, గుర్తు చేయడానికి మళ్లీ మళ్లీ చెప్పిన సంగతులు పుస్తకంలో అడ్డు తగులుతాయి. సినిమావాళ్లు సీన్ల వరసను వన్‌లైన్ ఆర్డర్‌గా రాసుకుని గోడమీద అంటించుకునేది కూడా ఈ పనికే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ముందు ఒక వాక్యం రాసుకుని, దానికి సరిపోనిదల్లా కోసేస్తే నవల ఎండిపోదా అని. ఉపకథలు, పక్కదారులు లేని నవల నిజంగానే నవల కాదు. అందుకే నాట్యశాస్త్రకారులు ఉపకథను తీసేయమనలేదు, దానికి పేరు పెట్టి చోటిచ్చారు. ప్రధాన కథతో చాలాదూరం నడుస్తూ దానికి సాయపడేది పతాక. రామాయణంలో సుగ్రీవుడి కథ అలాంటిది. కొద్దిసేపు వచ్చి పోయేది ప్రకరి. సుగ్రీవుడికి తన భార్య, తన రాజ్యం, తన పగ ఉన్నాయి, అయినా అతని కథ రాముడి కథను ముందుకు తోస్తుంది. పైగా భార్యను పోగొట్టుకున్న ఇద్దరు ఒకచోట కలవడంలో మూలకథ బాధే మరోసారి వినిపిస్తుంది. దిద్దేటప్పుడు ఉపకథను అడగాల్సింది ఎన్ని పేజీలున్నావని కాదు, దేనికి తోడు నడుస్తున్నావని.

దిద్దడమంటే తగ్గించడమే అనుకునేవాళ్లు ‘కన్యాశుల్కం’ రెండు కూర్పులనూ చూడాలి. అది నాటకమే అయినా, తెలుగులో తిరగరాతకు అంతకంటే గొప్ప ఉదాహరణ లేదు. 1892లో విజయనగరంలో ఆడిన నాటకం 1897లో అచ్చయింది. 1909లో వచ్చిన రెండో కూర్పులో గురజాడ దాన్ని దాదాపు కొత్తగా రాశారు. అయిదంకాలు ఏడంకాలయ్యాయి. మధురవాణి నాటకానికి ఇరుసైంది. పెరిగినా అది చెదరలేదు, ఇంకా చిక్కబడింది. ఆడపిల్లలను అమ్ముకునే దురాచారం మీద ఎక్కుపెట్టిన నాటకం, మర్యాదస్తులనిపించుకునేవాళ్ల మధ్య ఒక వేశ్య నీతిని నిలదీసే నాటకం కూడా అయింది. రెండు కూర్పులకూ విడివిడిగా ఒక్కో వాక్యం రాసి చూస్తే, మారింది నిడివి కాదని, తాత్పర్యం లోతని తెలుస్తుంది.

అసలైన అభ్యంతరం ఇంకొకటుంది. గొప్ప నవల ఒక్క వాక్యానికి లొంగదు, లొంగితే అది గొప్పది కాదు అంటారు. ఇందులో సగం నిజం. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో పంచుకున్న విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను చూడండి. అంత గ్రంథంలో దేవాలయం, కౌలు, సంగీతం, చదువులు, పెళ్లిళ్లు, రాజకీయం అన్నీ ఉన్నాయి. కానీ దాన్ని కుదించే పనిని విశ్వనాథ ఇంకొకరికి వదల్లేదు. సుబ్బన్నపేట సుబ్రహ్మణ్యేశ్వరుడి వేయి పడగలు ఒక్కొక్కటీ నశిస్తూ, చివరికి దాంపత్యమనే రెండు పడగలు మిగలడం అన్న ప్రతిమలో నవలంతా ఇమిడిపోయింది. ఆ ప్రతిమతో, అది మోసే వాదంతో ఎవరైనా విభేదించవచ్చు. నేనూ చాలాచోట్ల విభేదిస్తాను. కానీ విభేదించడానికి వీలుగా నవల ఏం చెబుతోందో అంత స్పష్టంగా నిలబెట్టింది ఆ క్లుప్తతే. క్లుప్తరూపం నవలకు బదులు కాదు. అందులో పట్టనిదేమిటో చూపించడం కూడా దాని పనే. వాక్యం రాసి చూస్తేగానీ ఆ మిగిలింది కంటపడదు.

ప్రచురణకర్తలకు ఒక విన్నపం. తెలుగు నవలల వెనక అట్ట మీద ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్నవి పెద్దల ప్రశంసలు, రచయిత ఫొటో, అందుకున్న అవార్డుల జాబితా. పుస్తకాల దుకాణంలో నిలబడి తిరగేసే పాఠకుడికి అవేవీ నవల దేని గురించో చెప్పవు. రాతప్రతి తీసుకునేటప్పుడే రచయిత చేత వంద మాటల్లో తాత్పర్యం రాయించండి, దాన్ని ముందు పెట్టుకునే ఆఖరి దిద్దుబాటు చేయించండి. రచయితలు కూడా ఆ పనిని సంపాదకుడికో మిత్రుడికో అప్పగించకండి. ఆ వంద మాటలు మీరు రాయలేకపోతే ప్రెస్సుకు పంపడం ఒక నెల ఆపి, రాతప్రతిని మళ్లీ మొదటి పేజీ నుంచి చదవండి.