స్కోరుబోర్డు దాటి: సి.ఎల్.ఆర్. జేమ్స్ క్రీడా రచన

1. పరిచయం

మీ మహదేవపూర్‌లో కబడ్డీ పోటీ జరిగిందనుకుందాం. మరునాడు జిల్లా పేజీలో గెలిచిన జట్టు పేరు, పాయింట్ల తేడా, బహుమతులు అందించిన అతిథుల పేర్లు ఉంటాయి. కెప్టెన్‌ను ఎవరు ఎంపిక చేశారు, బాగా ఆడేవారిలో ఎవరిని పక్కన పెట్టారు అన్నది ఉండదు. ఈ ప్రశ్నను క్రీడా రచనలోకి బలంగా తెచ్చినవారిలో ముఖ్యులు సి.ఎల్.ఆర్. జేమ్స్ (1901–1989). అది ఆయన రచనలో ఎలా ఎదిగిందో చూద్దాం.

2. విలేఖరిగా

ట్రినిడాడ్‌లో పుట్టిన జేమ్స్ 1932లో ఇంగ్లండ్ వెళ్లారు. నెవిల్ కార్డస్ ప్రోత్సాహంతో 'మాంచెస్టర్ గార్డియన్'కు క్రికెట్ వార్తలు రాశారు. సంగీత విమర్శకుడు కూడా అయిన కార్డస్ ఆటలోని అందాన్ని వర్ణించేవారు. జేమ్స్ ఆ అందాన్ని కాదనలేదు. ఆ ఆటగాడు ఏ సమాజం నుంచి వచ్చాడని కూడా అడిగారు.

3. కాలమిస్టుగా

1958లో స్వదేశానికి తిరిగివచ్చిన జేమ్స్ 'ది నేషన్' అనే పార్టీ పత్రికకు సంపాదకులయ్యారు. వెస్టిండీస్ జట్టుకు పేరు తెచ్చినవారిలో నల్లజాతి ఆటగాళ్లే ఎక్కువ. అయినా ఒక పూర్తి సిరీస్‌కు వారిలో ఎవరినీ కెప్టెన్‌గా నియమించలేదు. జార్జ్ హెడ్లీకి 1948లో దక్కింది ఒక్క టెస్టే. భారత్‌లో పర్యటించిన కామన్వెల్త్ జట్టును నడిపిన అనుభవం ఉన్న ఫ్రాంక్ వొరెల్‌ను కెప్టెన్ చేయాలని జేమ్స్ పట్టుబట్టి రాశారు. 1960–61 ఆస్ట్రేలియా పర్యటనకు వొరెల్ నాయకుడయ్యారు. బ్రిస్బేన్‌లో టెస్టు చరిత్రలోనే తొలి 'టై' నమోదైంది. సిరీస్ ఓడినా మెల్‌బోర్న్ జనం బారులు తీరి ఆ జట్టుకు వీడ్కోలు పలికారు.

4. విమర్శ

ఉద్యమం కోసం రాసే కాలమ్‌కు ఒక ప్రమాదం ఉంది. వ్యవస్థను ఎదిరిస్తూ అది వ్యక్తికి అన్యాయం చేయవచ్చు. వొరెల్‌కు ముందు కెప్టెన్‌గా ఉన్న తెల్లజాతి ఆటగాడు జెర్రీ అలెగ్జాండర్, అదే పర్యటనలో వొరెల్ నాయకత్వంలో ఆడి, జట్టు బ్యాటింగ్ సగటులో మొదటి స్థానంలో నిలిచారు. అందువల్ల వాదన నియామక పద్ధతిపైనే నిలవాలి.

జేమ్స్ బలం మరొకచోట ఉంది. 1963లో వెలువడిన 'బియాండ్ ఎ బౌండరీ'లో ఆయన తనను తానే బోనులో నిలబెట్టుకున్నారు. ట్రినిడాడ్‌లో క్లబ్బులు రంగును, హోదాను బట్టి విడిపోయి ఉండేవి. యువకుడిగా జేమ్స్ నల్లజాతి దిగువ మధ్యతరగతివారి 'షానన్'ను కాదని, లేత రంగు మధ్యతరగతివారి 'మేపుల్'లో చేరారు. ఆ ఎంపిక తప్పని, దానివల్ల తన ప్రజలకు దూరమయ్యానని ఒప్పుకున్నారు. ఎదుటివారి వివక్షను ఎత్తిచూపడం తేలిక. అందులో తన వాటాను కూడా లెక్కవేసినందువల్లే ఆయన మాట నమ్మదగినదైంది.

5. మీ ప్రగతిని పరీక్షించుకోండి

అ) కార్డస్, జేమ్స్‌ల దృష్టిలోని తేడాను మూడు వాక్యాల్లో రాయండి.

ఆ) మీ ఊరి పోటీ ఒకదానిపై పది వాక్యాల నివేదిక రాయండి. జట్టులో చోటు దొరకని ఒక్కరితోనైనా మాట్లాడాకే మొదలుపెట్టండి. ఆ ఎంపికలో మీకూ పాత్ర ఉంటే, అదీ రాయండి.