పాత కెమేరా: మరమ్మతా, మార్పిడియా?
ఒక వాడుక సూత్రముపై విమర్శ

డిజిటల్ కెమేరా పాతబడి మొరాయించినపుడు దానిని బాగుచేయించవలెనా, క్రొత్తది కొనవలెనా అను ప్రశ్నకు లోకములో ఒక సిద్ధమైన సమాధానము ప్రచారములో నున్నది. మరమ్మతు ఖర్చు క్రొత్తదాని వెలలో సగము దాటినచో క్రొత్తది కొనుడు, దాటనిచో బాగుచేయించుడు అనునదే ఆ సమాధానము. దీనికి తోడుగా మరి రెండు మాటలు వినబడుచుండును. ఐదేండ్లు దాటిన కెమేరాపై డబ్బు పెట్టరాదనునది ఒకటి. మెగాపిక్సెళ్ళు తక్కువగానున్న కెమేరా ఇక పనికిరాదనునది రెండవది. ఈ మూడు సూత్రములును గుర్తుంచుకొనుటకు సులభమైనవి. కాని విజ్ఞానశాస్త్రము బోధించువారు, నేర్చువారు ఏ సూత్రమునైనను పరీక్షింపక అంగీకరించుట తగదు గదా! కావున వీనిని ఒక్కొక్కటిగా పరిశీలింతము.

ఇది వట్టి వాదవినోదము కాదు. చిత్తూరు జిల్లాలోని వెంకటగిరికోట వంటి ఊరిలో ఒక ఉన్నత పాఠశాలకు ఒకే కెమేరా ఉన్నదనుకొందము. ఆ ప్రాంతమున మల్బరీ తోటలు, పట్టుపురుగుల పెంపకము కలవు. పట్టుపురుగు గ్రుడ్డునుండి వెలువడి గూడు కట్టువరకు దినదినము ఫొటోలు తీసి, ఆ మార్పులను తరగతిలో చూపవచ్చును. సమీపమున కౌండిన్య అభయారణ్యము కలదు. ఆ వైపు చెట్లను, పక్షులను ఫొటోలు తీసి గుర్తించవచ్చును. చంద్రగ్రహణము వచ్చినపుడు దశలను వరుసగా తీయవచ్చును. కెమేరా మూలబడినచో ఈ పనులన్నియు ఆగిపోవును. అనవసరముగా క్రొత్తది కొన్నచో ప్రయోగశాలకు రావలసిన గాజుసామాను, రసాయనములు ఆ సంవత్సరము రావు. అందుచేత తీర్పు తప్పినచో నష్టపడువారు విద్యార్థులే.

వయస్సును ఎట్లు కొలువవలెను?

మొదట ఐదేండ్ల మాటను తీసికొందము. కెమేరాను ఒకే వస్తువని భావించుటయే ఇందలి దోషము. లెన్సు, షట్టరు, సెన్సరు, దాని వెనుకనున్న ఎలెక్ట్రానిక్ పలకలు, బ్యాటరీ, మెమరీ కార్డు, ఇవన్నియు కలిసి కెమేరా యగుచున్నవి. వీనిలో ప్రతిదానికిని వయస్సు వేరొక విధముగా వచ్చును.

షట్టరు యాంత్రికమైన భాగము. దాని ఆయువును సంవత్సరములతో గాక, ఎన్ని పర్యాయములు తెరచి మూసినది అను లెక్కతో కొలువవలెను. మధ్యరకపు ఎస్.ఎల్.ఆర్. కెమేరాలు పెక్కింటికి తయారీదారులు పరీక్షించి చెప్పు సంఖ్య సుమారు 1,00,000. సంవత్సరమునకు 5,000 ఫొటోలు తీయు పాఠశాలలో ఆ సంఖ్య చేరుటకు 20 ఏండ్లు పట్టును. పెండ్లిండ్లకు ఫొటోలు తీయువాని చేతిలో అదే కెమేరా రెండు మూడేండ్లలో ఆ సంఖ్యను చేరవచ్చును. ఈ రెంటికిని ఐదేండ్లను గీత గీయుటలో అర్థమేమున్నది?

లిథియం అయాన్ బ్యాటరీ స్థితి దీనికి భిన్నము. వాడినను వాడకున్నను కాలముతోపాటు దాని శక్తి తగ్గుచుండును. పూర్తిగా చార్జిచేసి వేడిగానున్న బీరువాలో ఉంచినచో మరింత త్వరగా తగ్గును. చాల కెమేరాలలో తేదీని, గంటను నిలుపుటకు ఒక చిన్న బ్యాటరీ వేరుగా ఉండును. అది ఖాళీయైనపుడు కెమేరా తెరచిన ప్రతిసారియు తేదీ అడుగును. దానిని చూచి కెమేరా పాడైనదని తలచువారు కలరు. ప్రధాన బ్యాటరీని చార్జిచేసి ఒకటి రెండు దినములు లోపల ఉంచినచో, చాల కెమేరాలలో ఆ చిన్న బ్యాటరీ తనంతట తానే మరల నిండును.

లెన్సులోని గాజు అరుగదు. కాని వానకాలమున, చెమ్మగా చీకటిగానున్న పెట్టెలో ఉంచిన లెన్సుకు బూజు పట్టును. తొలిదశలో దానిని తుడిచివేయవచ్చును. చాలకాలము ఉపేక్షించినచో ఆ బూజు విడిచిన ఆమ్లములు గాజుపైని పూతను తినివేయును. అటుపిమ్మట తుడిచినను ప్రయోజనముండదు.

సెన్సరులో కదలు భాగములు లేవు. అయినను అది చెడదనుకొనరాదు. 2005వ సంవత్సరమున పెక్కు కంపెనీల కెమేరాలలో సి.సి.డి. సెన్సరులు ఒకేరీతిగా చెడిపోయినవి. సోనీ కంపెనీ తయారుచేసిన ఆ సెన్సరులలో సన్నని తీగల అతుకులు వేడికి, చెమ్మకు ఊడిపోవుటయే కారణము. సోనీ, కెనన్, నికాన్ మున్నగు కంపెనీలు అట్టి కెమేరాలను ఉచితముగా బాగుచేసి ఇచ్చినవి. అవన్నియు ముసలి కెమేరాలు కావు. కొన్ని మూడేండ్లు కూడ నిండనివే. వయస్సు మాత్రమే చూచి తీర్పు చెప్పువారికి ఈ ఉదాహరణము తగిన జవాబు.

కావలూరు చెప్పు పాఠము

వెంకటగిరికోటకు ఎంతో దూరముకాని జవాది కొండలలో, తమిళనాడు సరిహద్దులోపల, కావలూరు వేధశాల కలదు. హైదరాబాదులోని నిజామియా వేధశాలలో తండ్రి పనిచేయుచుండగా ఆ నగరముననే పెరిగిన ఖగోళశాస్త్రజ్ఞుడు వైనుబప్పు దీనిని నెలకొల్పెను. 1972లో అచ్చట 40 అంగుళముల దూరదర్శినిని ప్రతిష్ఠించిరి. 1977లో యురేనసు గ్రహమునకు వలయములున్నవని తెలియజేసిన పరిశీలనలలో దీనికిని భాగము కలదు. 2022లో దానికి 50 ఏండ్లు నిండగా ఉత్సవము జరిపిరి.

దూరదర్శిని గూడ ఒకవిధముగా పెద్ద కెమేరాయే. దాని దర్పణము లెన్సు చేయు పని చేయును. వెనుక అమర్చిన పరికరము బొమ్మను పట్టుకొనును. మొదటి రోజులలో ఆ స్థానమున ఫొటోగ్రాఫిక్ పలకలు ఉండెడివి, తరువాత సి.సి.డి. సెన్సరులు వచ్చినవి. వెనుకటి పరికరము పాతబడెనని శాస్త్రజ్ఞులు దర్పణమును పారవేయలేదు. దర్పణము మంచిదేయని ఊరకుండి వెనుకటి పరికరమును పాతదిగానే ఉంచలేదు. ఏది పాతబడినదో దానిని మార్చిరి. లెన్సులు ఊడదీయుటకు వీలున్న కెమేరాలకు ఇదే పద్ధతి నేరుగా వర్తించును: లెన్సు ఒక ఆస్తి, కెమేరా ఒడలు మరియొక ఆస్తి. రెంటికిని వేరువేరుగా తీర్పు చెప్పవలెను.

సగము వెల సూత్రము

ఇక సగము వెల మాట. దీనిని లెక్కవేసి చూతము. ఈ అంకెలు ఉదాహరణమునకై ఊహించినవి.

ఒక కెమేరాకు మరమ్మతు ఖర్చు 9,000 రూపాయలు, అట్టి క్రొత్తదాని వెల 45,000 అనుకొందము. మరమ్మతు వెలలో ఐదవవంతే గనుక సూత్రము ప్రకారము బాగుచేయించవలెను. కాని ఇతర భాగములు కూడ శిథిలమై, బాగుచేసిన పిమ్మట అది ఒక్క సంవత్సరమే పనిచేయునట్లున్నచో, ఆ సంవత్సరపు ఖర్చు 9,000. క్రొత్తది 9 ఏండ్లు వచ్చినచో సంవత్సరమునకు 5,000 మాత్రమే. సూత్రము ఇచ్చట నష్టము తెచ్చినది.

రెండవ ఉదాహరణము. మరమ్మతు 16,000, క్రొత్తదాని వెల 30,000. సగము దాటినది గనుక సూత్రము పారవేయుమనును. సర్వీసు కేంద్రమునకై సుమారు నూరు కిలోమీటర్ల దూరముననున్న బెంగుళూరికి రెండుమార్లు పోయి వచ్చు ఖర్చు 1,000 కలిపి 17,000 అనుకొందము. అరిగిన షట్టరు మార్చగా మిగిలిన భాగములన్నియు బాగుగానుండి 6 ఏండ్లు పనిచేసినచో సంవత్సరమునకు సుమారు 2,833 పడును. క్రొత్తది 9 ఏండ్లు వచ్చినచో సంవత్సరమునకు సుమారు 3,333. ఇచ్చటను సూత్రము తప్పినది.

ఈ లెక్కను తలక్రిందులు చేసి చూచినచో మరింత ఉపయోగకరము. 17,000ను 3,333 చేత భాగింపగా సుమారు 5.1 వచ్చును. అనగా అసలు ప్రశ్న, బాగుచేసిన పిమ్మట ఈ కెమేరా ఐదేండ్లకు మించి పనిచేయునా అనునది. ఇట్టి ప్రశ్నకు కెమేరాను పరీక్షించి సమాధానము వెదకవచ్చును. సగము సూత్రము ఆయువును లెక్కలోనికే తీసికొనదు. అందుచేత అది అప్పుడప్పుడు నిజమైనను యాదృచ్ఛికముగానే నిజమగును.

క్రొత్తదాని ఖర్చు దాని వెలతో ముగియదని కూడ గమనింపవలెను. పాత బ్యాటరీలు, చార్జరు దానికి సరిపోకపోవచ్చును. పాత లెన్సులు అమరుటకు మధ్యలో ఒక అడాప్టరు కొనవలసి రావచ్చును.

మెగాపిక్సెళ్ళ మోజు

మూడవ సూత్రమునకు చిన్న గణితము చాలును. 6 మెగాపిక్సెళ్ళ కెమేరా ఫొటోలో అడ్డముగా 3,000, నిలువుగా 2,000 చుక్కలుండును. అంగుళమునకు 250 చుక్కల చొప్పున అచ్చువేసినచో 12 అంగుళముల పొడవు, 8 అంగుళముల వెడల్పుగల స్పష్టమైన బొమ్మ వచ్చును. వైజ్ఞానిక ప్రదర్శనములో గోడకు తగిలించుటకు అది చాలును. 24 మెగాపిక్సెళ్ళ కెమేరా నాలుగు రెట్లు మంచిదని ప్రకటనలు చూచిన విద్యార్థి తలచును. కాని దాని ఫొటోలో చుక్కలు 6,000, 4,000. అనగా ప్రతివైపునను రెట్టింపు మాత్రమే.

అంతకంటె ముఖ్యమైనది సెన్సరు వైశాల్యము. చిన్న జేబు కెమేరాలలో సాధారణముగా ఉండు సెన్సరు వైశాల్యము సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు. సామాన్యపు ఎస్.ఎల్.ఆర్. కెమేరాలలో అది సుమారు 366. అనగా దాదాపు 13 రెట్లు. మసకవెలుతురులో ఈ భేదము కంటికి కనబడును. పాత ఎస్.ఎల్.ఆర్.ను ఇచ్చివేసి, మెగాపిక్సెళ్ళు ఎక్కువయని క్రొత్త జేబు కెమేరా కొనువాడు క్రొత్తొక వింత, పాతొక రోత అను సామెతకు ఉదాహరణమగుచున్నాడు.

దోషమును గుర్తించుట ప్రథమ కార్యము

మరమ్మతుకు ముందు ఏ భాగము చెడినదో తెలియవలెను. దీనికి బృహస్పతి గ్రహము చుట్టును తిరుగు జూనో నౌకలోని కెమేరా గొప్ప ఉదాహరణము. 2011లో ప్రయోగించిన ఆ నౌక 2016లో బృహస్పతిని చేరినది. కెమేరాను మొదటి 8 ప్రదక్షిణముల కొఱకే ఉద్దేశించిరి. కాని అది చాలకాలము పనిచేసినది. 47వ ప్రదక్షిణమునాటికి తీవ్రమైన వికిరణముచేత బొమ్మలు చెడసాగినవి. విద్యుత్తు వోల్టేజిని స్థిరముగా ఉంచు భాగమున దోషమున్నదని శాస్త్రజ్ఞులు ఊహించి, కెమేరాలోని హీటరుతో దానిని మామూలుకంటె వేడిచేసిరి. కొంతకాలము బాగుపడి, మరల చెడినది. ఈసారి ఇంకను వేడిచేయగా 2023 డిసెంబరు 30న అయో ఉపగ్రహమునకు సుమారు 1,500 కిలోమీటర్ల చేరువనుండి చక్కని బొమ్మలు తీసినది. అటుపిమ్మట దోషము మరల కనబడినది. శాశ్వతముగాని మరమ్మతు కూడ కావలసిన వేళకు పని నెరవేర్చినచో సార్థకమేయని దీనివలన తెలియుచున్నది.

మన పాఠశాలలో అంత కష్టపడనక్కరలేదు. విద్యార్థులు చేయదగిన పరీక్షలు నాలుగు కలవు. ఒకటి: మంచి బ్యాటరీని, వేరొక కార్డును పెట్టి, లోహపు స్పర్శకములను పొడిగుడ్డతో తుడిచి చూడవలెను. రెండు: లెన్సుకు మూత పెట్టి కొన్ని సెకనులపాటు ఫొటో తీసినచో, చెడిన పిక్సెళ్ళు నల్లని బొమ్మలో రంగుచుక్కలుగా కనబడును. మూడు: లెన్సు రంధ్రమును చిన్నదిచేసి తెల్లని గోడను తీసినచో సెన్సరుపైని ధూళి మచ్చలుగా కనబడును. నాలుగు: లెన్సులోనికి టార్చిలైటు వేసి చూచినచో బూజు సాలెగూడువలె అగుపడును. కెమేరాను మాత్రము విప్పరాదు. ఫ్లాషునకు విద్యుత్తు నిచ్చు కెపాసిటరు సుమారు 300 వోల్టులవరకు నిండియుండును. బ్యాటరీ తీసివేసినను అది ప్రమాదకరమే.

మార్చవలసిన సందర్భములు

మరమ్మతును సమర్థించుట పాతదానిపై వ్యామోహముగా మారరాదు. నీటిలో మునిగి లోపలి పలకలు త్రుప్పుపట్టినపుడు, ప్రధాన పలకయో సెన్సరో చెడి ఆ భాగము దొరకనపుడు, కెమేరా వాడు రకపు కార్డులే బజారులో లేనపుడు క్రొత్తది కొనుటయే వివేకము. విడిభాగముల కొరత రానురాను పెరుగును. జపాను కెమేరా సంఘము లెక్కల ప్రకారము 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమేరాలు తయారీదారులనుండి వెలువడగా, 2023లో 77 లక్షలే వెలువడినవి. తయారు తగ్గినపుడు విడిభాగముల నిలువయు తగ్గక తప్పదు.

ఇచ్చట కొనువానికి అవసరమైన సమాచారమును తయారీదారులే ఇయ్యవలెను. ఫ్రాన్సు దేశము 2021నుండి కొన్ని వస్తువులపై, అవి మరమ్మతునకు ఎంత అనువైనవో తెలుపు మార్కులను ముద్రింపజేయుచున్నది. మన దేశమున ఇట్టి సూచికకై కేంద్రప్రభుత్వము నియమించిన సంఘము 2025లో నివేదిక నిచ్చినది. అది మొదట స్మార్టుఫోనులను, టాబ్లెట్లను చేపట్టవలెనన్నది. కెమేరాలకు కూడ విడిభాగములు ఎన్నేండ్లు దొరకునో పెట్టెపైననే తెలిపినచో, ఐదేండ్లకు మించి పనిచేయునా అను మన ప్రశ్నకు సగము జవాబు కొన్ననాడే దొరకును.

అంతవరకు ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో ఒక లెక్కగా ఇయ్యవచ్చును. పాఠశాల కెమేరా పరీక్షాఫలితములు, మరమ్మతు అంచనా, క్రొత్తదాని వెల నల్లబల్లపై వ్రాసి, ఎన్నేండ్లు పనిచేసినచో మరమ్మతు లాభమో విద్యార్థులచేత కట్టించవలెను. తీర్పు ఏదైనను ఫరవాలేదు; దానికి ఆధారము చూపగలుగుటయే ముఖ్యము. చివరకు పారవేయుటకే నిశ్చయించినచో బ్యాటరీతోసహా దానిని చెత్తకుప్పలో వేయక, ఎలెక్ట్రానిక్ వ్యర్థములు తీసికొను అనుమతిగల వారికి అప్పగించవలెను.