పంచినవెన్ని? పనిచేస్తున్నవెన్ని?

2011 అక్టోబరు 5న కేంద్ర మానవ వనరుల అభివృద్ధి మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో 'ఆకాశ్' అనే టాబ్లెట్ కంప్యూటరును విడుదల చేశారు. ప్రభుత్వం దానికి చెల్లించే ధర సుమారు 2,250 రూపాయలు. సబ్సిడీ పోగా విద్యార్థికి పడేది సుమారు 1,750 రూపాయలు. ప్రపంచంలోకెల్లా చవకైన టాబ్లెట్ అని దేశ విదేశాల పత్రికలు దాన్ని ఆకాశానికెత్తాయి. ఇప్పుడు ఆ పేరు విద్యార్థుల్లో ఎంతమందికి గుర్తుంది?

ఆకాశ్ విఫలమైందని చెప్పడానికి పెద్ద పరిశోధన అవసరం లేదు. ఎందుకు విఫలమైంది అన్నది మాత్రం ఆలోచించదగ్గ విషయం. ఎందుకంటే అదే తప్పును మనం అంతకు ముందూ చేశాం, ఆ తర్వాతా చేస్తున్నాం. విద్యార్థులకు యంత్రాలు ఇచ్చే ప్రతి పథకంలోనూ మనం రెండు అంకెలనే చూస్తున్నాం. ఒకటి యంత్రం ధర, రెండోది పంచిన యంత్రాల సంఖ్య. అసలు చూడవలసిన మూడో అంకె ఒకటుంది. పంచిన ఏడాదికి వాటిలో ఎన్ని పనిచేస్తున్నాయి, ఎందరు వాటితో నేర్చుకుంటున్నారు అన్నదే ఆ అంకె. దాన్ని లెక్కించే అలవాటు మన దేశానికి ఒకప్పుడు ఉండేది. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆకాశ్‌ను విప్పి చూద్దాం.

ధర తగ్గితే తగ్గినవేమిటి?

మొదటి ఆకాశ్‌లో 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 మెగాబైట్ల ర్యామ్, 7 అంగుళాల తెర ఉన్నాయి. తెర 'రెసిస్టివ్' రకానిది. ఇందులో విద్యుత్తును ప్రసరింపజేసే రెండు పలుచని పొరలు, వాటి మధ్య సన్నని ఖాళీ ఉంటాయి. వేలితో నొక్కితే పై పొర వంగి కింది పొరను తాకుతుంది. ఎక్కడ తాకిందో వోల్టేజిని బట్టి యంత్రం లెక్కగడుతుంది. అంటే దీన్ని తాకితే చాలదు, నొక్కాలి. అప్పటికే మంచి ఫోన్లలో వాడుతున్న 'కెపాసిటివ్' తెర వేరు. అందులో పొరలు వంగవలసిన పనిలేదు. వేలు ఆనగానే తెర మీది విద్యుత్ క్షేత్రంలో వచ్చే మార్పును అది పసిగడుతుంది. దాని ఖరీదు ఎక్కువ కాబట్టి ఆకాశ్‌లో పెట్టలేదు.

ఇక బ్యాటరీ. దాని సామర్థ్యం 2,100 మిల్లీ ఆంపియర్-అవర్లు. లిథియం బ్యాటరీ వోల్టేజి సుమారు 3.7 వోల్టులు. ఈ రెండింటినీ గుణిస్తే దాదాపు 7.8 వాట్-అవర్ల శక్తి వస్తుంది. ఒకసారి ఛార్జి చేస్తే మూడు గంటలు పనిచేస్తుందని చెప్పారు. అంటే యంత్రం సగటున 2.6 వాట్లు ఖర్చు చేస్తుందన్నమాట. కాలేజీలో విద్యార్థి ఆరేడు గంటలుంటాడు. మధ్యాహ్నానికి ముందే యంత్రం నిద్రపోతే, ఒక తరగతిలోని అరవై మందీ ఎక్కడ ఛార్జి పెట్టుకోవాలి? గోడకు ఎన్ని ప్లగ్గులుంటాయి? ఈ లెక్క వేయడానికి ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చాలు.

వాడి చూసిన విద్యార్థులు చెప్పిందీ ఇదే. నెమ్మదిగా నడుస్తోంది, నొక్కితే గానీ పలకడం లేదు, ఛార్జి నిలవడం లేదు అన్నారు. తయారీ కంపెనీకీ, పథకం బాధ్యత మోసిన రాజస్థాన్ ఐఐటీకీ మధ్య పరీక్షల ప్రమాణాలపై వివాదం నడిచింది. తర్వాత బాధ్యత బొంబాయి ఐఐటీకి మారింది. 2012 నవంబరులో కెపాసిటివ్ తెర, 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసరుతో ఆకాశ్-2 వచ్చింది. యంత్రం మెరుగైంది, ఒప్పుకోవలసిందే. అయితే ఈలోగా బజారులో అలాంటి యంత్రాలు ఎవరైనా కొనుక్కోగల ధరకు రావడం మొదలైంది. సిలికాన్ చిప్పుల ధర ఎలాగూ ఏటికేడు పడిపోతుంది. దాన్ని ప్రభుత్వం ప్రత్యేకంగా సాధించనక్కరలేదు. బజారు తనంతట తాను చేయని పనులు మాత్రం ప్రభుత్వం కోసం అలాగే మిగిలిపోయాయి.

ఆకాశ్ కంటే ముందు ఇంకో ముచ్చట తిరుపతిలో జరిగింది. 2009 ఫిబ్రవరి 3న శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో 'సాక్షాత్' పథకం కింద ఒక పరికరాన్ని ప్రదర్శించారు. పది డాలర్ల లాప్‌టాప్ వస్తోందని అంతకు ముందే ప్రపంచమంతా వార్తలు పాకాయి. తీరా చూస్తే అది లాప్‌టాప్ కాదు. తెరా, కీబోర్డూ లేని, పాఠాలు దాచిపెట్టుకునే చిన్న పెట్టె. ధర ముందు పుట్టి, దానికి తగ్గ వస్తువు కోసం తర్వాత వెతికితే ఇలాగే ఉంటుంది. పెళ్ళికి ముహూర్తం పెట్టి ఆ తర్వాత వరుణ్ణి వెతకడమన్నమాట.

సరైన ప్రశ్న వేసి మరిచిపోయాం

ఇందులో విచిత్రమేమిటంటే సరైన ప్రశ్నను మొదట వేసినవాళ్ళలో మనమూ ఉన్నాం. 2005లో అమెరికాలోని ఎంఐటీకి చెందిన నికొలస్ నెగ్రొపాంటి వంద డాలర్ల లాప్‌టాప్ ఆలోచనను ప్రపంచం ముందుంచారు. పేద దేశాల్లో ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ ఒక లాప్‌టాప్ ఇవ్వాలన్నది ఆయన ఉద్యమం. 2006లో మన మానవ వనరుల మంత్రిత్వశాఖ ఆ ప్రతిపాదనను తిరస్కరించింది. దానివల్ల చదువు మెరుగవుతుందన్నది సందేహాస్పదమని అభ్యంతరం చెప్పింది. ఈ సందేహం నూటికి నూరుపాళ్ళూ న్యాయమైనది.

ఆ లాప్‌టాప్‌ను చిన్నచూపు చూడవలసిన పనిలేదు. ఎండలో కూడా అక్షరాలు కనిపించే తెర, తక్కువ విద్యుత్తుతో నడిచే ఏర్పాటు, పక్క యంత్రాలతో నేరుగా మాట్లాడుకునే వైర్‌లెస్ వల దాని గొప్పలు. అయినా ఫలితం ఏమైంది? దక్షిణ అమెరికాలోని పెరూ దేశం వాటిని లక్షల సంఖ్యలో కొన్నది. అక్కడి 319 గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో జరిపిన పరిశీలన ఫలితాలను 2012లో ఇంటర్-అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు ప్రచురించింది. లాప్‌టాప్‌లు వచ్చిన బడుల్లో విద్యార్థికి 0.12గా ఉన్న కంప్యూటర్ల నిష్పత్తి 1.18కి పెరిగింది. సాధారణ ఆలోచనా సామర్థ్యాల పరీక్షల్లో కొంత మెరుగుదల కనిపించింది. లెక్కల్లో, భాషలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు.

ఈ ఫలితాలు రాకముందే సందేహించిన మన మంత్రిత్వశాఖ నిజంగా దూరదృష్టి చూపినట్టే. కాని 2010 జులైలో అదే మంత్రిత్వశాఖ 35 డాలర్ల టాబ్లెట్ నమూనాను ప్రపంచానికి చూపింది. విదేశీ యంత్రానికి వేసిన ప్రశ్నను స్వదేశీ యంత్రానికి వేయలేదు. 'దీనివల్ల చదువు వస్తుందా' అన్న ప్రశ్న పక్కకు జరిగి, 'వాళ్ళకంటే చవగ్గా చేయగలమా' అన్నది ముందుకొచ్చింది. విజ్ఞానశాస్త్ర విధానంలో ఇది చిన్న లోపం కాదు. పరికల్పనను పరీక్షించకుండానే ప్రయోగశాల సామగ్రిని కొనుక్కోవడం లాంటిది.

1975లో ఎలా చేశారు?

మనకు ఇంతకంటే మంచి పద్ధతి తెలుసు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా ఏడాదిపాటు 'సైట్' అనే ఉపగ్రహ టెలివిజన్ బోధన ప్రయోగం జరిగింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మనవాళ్ళు ఏడాదికి వాడుకున్నారు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీలు చేరాయి. వాటిని తయారు చేసింది హైదరాబాదులోని ఈసీఐఎల్. తెలుగులోనూ కార్యక్రమాలు వచ్చాయి.

ఇందులోని ఇంజనీరింగ్ ఉపాయం గమనించండి. అప్పట్లో ఉపగ్రహ సంకేతాలు అందుకోవడానికి భారీ యాంటెన్నాలు కావాలి. ఊరికొకటి కట్టడం అసాధ్యం. కాబట్టి బరువంతా ఉపగ్రహం మీద వేశారు. దానికి సుమారు 9 మీటర్ల వ్యాసం గల యాంటెన్నా ఉంది. అది సంకేతాన్ని పలుచబడనీయకుండా కూడగట్టి మన నేల మీదికి పంపుతుంది. అందువల్ల గ్రామంలో కోళ్ళగూళ్ళకు వాడే ఇనుపవల బిగించిన 3 మీటర్ల గొడుగు సరిపోయింది. ఇక్కడా చవకదనమే లక్ష్యం. కాని తెరను నాసిరకం చేసి తెచ్చుకున్న చవక కాదిది. మొత్తం వ్యవస్థను ఆలోచించి, ఖరీదైన భాగాన్ని ఒక్కచోట పెట్టి సాధించిన చవక.

యంత్రం చేరగానే పని అయిపోయిందని వాళ్ళు అనుకోలేదు. ఊళ్ళోని సెట్ల మరమ్మతుకు ముందే ఏర్పాటు చేశారు. కరెంటు లేని కొన్ని ఊళ్ళలో బ్యాటరీలతో నడిపారు. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు. సుమారు 50 వేలమంది ప్రాథమిక ఉపాధ్యాయులకు ఈ టీవీల ద్వారానే రెండు విడతలుగా విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చారు. సామాజిక శాస్త్రవేత్తలు ఊళ్ళలో ఉండి, జనం ఏం చూస్తున్నారో, ఏం గ్రహిస్తున్నారో నమోదు చేశారు. ఏ రోజున ఎన్ని సెట్లు పనిచేస్తున్నాయో లెక్క ఉండేది. నూటికి 80కి పైగా పనిచేశాయని ఆ లెక్క చెబుతుంది. దుమ్మూ, వేడీ, కరెంటు హెచ్చుతగ్గులూ ఉన్న పల్లెల్లో, 1975లో!

సైట్‌కు లోపాలు లేవని కాదు. ఏడాది గడవగానే ఉపగ్రహం వెళ్ళిపోయింది. చాలా ఊళ్ళలో తెరలు నల్లబడ్డాయి. మన సొంత ఇన్సాట్-1బి పైకి వెళ్ళేదాకా, అంటే 1983 దాకా ఆగవలసి వచ్చింది. అలవాటు చేసి ఆపేయడం ఆ గ్రామాలకు న్యాయం కాదు. అయినా ఆ లోపం మనకు తెలుస్తున్నదీ ఆ లెక్కల వల్లే.

యంత్రాలు అక్కర్లేదా?

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. యంత్రం లేనివాడికి యంత్రం ఇవ్వడమే ముఖ్యం కదా, మిగతావి తర్వాత చూసుకోవచ్చు కదా అని. 2020లో కోవిడ్ వల్ల బడులు మూతపడ్డప్పుడు ఫోను లేని పిల్లలు ఎంత నష్టపోయారో అందరూ చూశారు. ఈ అభ్యంతరంలో నిజముంది. యంత్రాలు వద్దనడం నా ఉద్దేశం కాదు.

కాని అదే 2020 సెప్టెంబరులో గ్రామీణ ప్రాంతాల్లో జరిగిన అసర్ సర్వే ఏం చెప్పిందో చూడండి. బడిపిల్లల ఇళ్ళలో స్మార్ట్‌ఫోను ఉన్నవి 2018లో 36.5 శాతం. 2020 నాటికి అవి 61.8 శాతానికి పెరిగాయి. అయితే సర్వేకు ముందు వారంలో బడి నుంచి ఏదో ఒక పాఠ్యసామగ్రి అందిన పిల్లలు 35.6 శాతమే. ఇంట్లో ఫోనుంది, పాఠం రాలేదు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే మన సమస్య. ఇంకా ఎక్కువ ఫోన్లు పంచితే ఆ దూరం తగ్గదు.

మన రాష్ట్రంలో ఇటీవలి ఉదాహరణ తీసుకుందాం. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ కలిపి సుమారు 5.18 లక్షల ట్యాబ్‌లు పంచింది. ఆకాశ్ అనుభవంతో పోలిస్తే ఇందులో మెచ్చుకోదగ్గవి ఉన్నాయి. పేరున్న కంపెనీ యంత్రాలు, ఇంటర్నెట్ లేకున్నా చూడగలిగే పాఠాలు, ఉపాధ్యాయుడి చేతిలోనూ ఒక ట్యాబ్. కాని పాఠాలు బైజూస్ అనే ప్రైవేటు కంపెనీవి. 2024 జులైలో ఆ కంపెనీపై దివాలా ప్రక్రియ మొదలైంది. ఇలాంటప్పుడు సిలబస్ మారితే పాఠాలను సరిదిద్దేదెవరు? ట్యాబ్ ప్రజలది, అందులోని పాఠం ఇంకొకరిది అయినప్పుడు ఈ ప్రశ్న తప్పదు. ప్రజల డబ్బుతో రాయించిన పాఠాలు ప్రజల ఆస్తిగా ఉంటే, ఏ కంపెనీ మూతపడ్డా వాటిని ఏ మాస్టారైనా సరిదిద్ది వాడుకోగలరు.

అడగవలసిన ప్రశ్నలు

కాబట్టి ఇకముందు విద్యార్థులకు యంత్రాలు ఇస్తామని ఏ ప్రభుత్వం ప్రకటించినా, ఏ పార్టీ ప్రభుత్వమైనా సరే, నాలుగు విషయాలు టెండరు పత్రంలోనే రాసి ఉండాలి. ఏడాది తర్వాత నూటికి ఎన్ని పనిచేయాలి? చెడిపోతే మండల స్థాయిలో బాగుచేసేదెవరు, విడిభాగాలు ఎన్నేళ్ళు దొరుకుతాయి? ఉపాధ్యాయులకు శిక్షణ ఎన్ని రోజులు? పాఠాల హక్కులు ఎవరివి? వీటికి జవాబులు ప్రతి ఏటా బహిరంగంగా ప్రకటించాలి. దీనికి కొత్త పరిజ్ఞానమేమీ అక్కర్లేదు. 1975లోనే మనకు చేతనైన పని ఇది.

ప్రభుత్వం లెక్క వేసేదాకా విద్యార్థులు ఆగనవసరం లేదు. మీ బడిలోనో కాలేజీలోనో ఉన్న కంప్యూటర్లు, ట్యాబ్‌లు, ప్రొజెక్టర్ల జాబితా ఒకటి తయారు చేయండి. ఎప్పుడు వచ్చాయి, ఇవాళ ఎన్ని పనిచేస్తున్నాయి, ఆగిపోయినవి ఎందుకు ఆగాయి, గత వారంలో ఎన్ని గంటలు వాడారు అన్నవి నాలుగు గడుల్లో రాయండి. తెర పగిలిందా, బ్యాటరీ పోయిందా, పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదా, బీరువాలో పెట్టి తాళం వేశారా అన్నది విడివిడిగా గుర్తించండి. మూడు నెలలకొకసారి ఇదే పట్టిక నింపితే ఏడాదికి మీ చేతిలో ఒక గ్రాఫు ఉంటుంది. దాన్ని ప్రధానోపాధ్యాయులకూ, పాఠశాల యాజమాన్య కమిటీకీ చూపించండి. బ్యాటరీలకు డబ్బు కావాలో, తాళంచెవి కావాలో అప్పుడు వాళ్ళకే తెలుస్తుంది.