లేకపోతే లోటు తెలియాలి

వయసు మళ్ళినవారిని డాక్టరు నడవమంటాడు, పిల్లలు ఏదో ఒక వ్యాపకం పెట్టుకోమంటారు. ఈ రెండు సలహాలనూ ఒక్కచోట తీర్చే సాధన మన ఊళ్ళలో ఎప్పటినుంచో ఉంది: కోలాటం. దాని బలం నా లెక్కన ఒక్కటే, ఒకరి అడుగు మీద ఇంకొకరి అడుగు ఆధారపడటం. జతవారు రాకపోతే కోలకు కోల తగలదు. జడ కోలాటంలో మరీనూ. పైనుంచి వేలాడే తాళ్ళు పట్టుకుని ఎదురెదురుగా తిరుగుతూ జడ అల్లాలి, అవే అడుగులు తిప్పి వేస్తూ విప్పాలి. ఒక్కరు వరస తప్పితే అందరి తాళ్ళూ చిక్కుపడతాయి. పాట వింటూ, వరస గుర్తుపెట్టుకుంటూ, ఒంటి బరువును ఒక పాదం మీంచి మరో పాదం మీదికి మార్చడం పార్కులో ఒంటరిగా వేసే రౌండ్లలో ఉండదు.

న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 75 ఏళ్ళు దాటిన 469 మందిని ఏళ్ళ తరబడి గమనించిన జో వర్గీస్ బృందం 2003లో ఫలితాలు ప్రచురించింది. శారీరక వ్యాపకాల్లో డిమెన్షియా ముప్పు తక్కువగా కనిపించింది నాట్యం చేసేవారిలోనే. నడకలోనూ, ఈతలోనూ, చివరికి గుంపుగా చేసే కసరత్తులోనూ ఆ తేడా కనబడలేదు. అంటే నలుగురినీ ఒకచోట నిలబెట్టి చేతులు ఊపించినంత మాత్రాన సరిపోకపోవచ్చు. మతి చురుగ్గా ఉన్నవారే నాట్యానికి వెళతారేమో అన్న అనుమానం న్యాయమైనదే. నాట్యమే కారణమని ఈ ఫలితంతో రుజువైపోదు. వ్యాయామం పడిపోవడాన్ని తగ్గిస్తుందనడానికి ఆధారం ఇంకా గట్టిది. వైద్య పరిశోధనలను క్రోడీకరించే కోక్రేన్ సంస్థ 2019 నాటి సమీక్ష 108 ప్రయోగాలను పరిశీలించి, వ్యాయామం వల్ల వృద్ధులు పడిపోవడం సుమారు 23 శాతం తగ్గుతుందని తేల్చింది. ఒంటి నిలకడను సాధన చేయించే వ్యాయామాల మేలు అందులో స్పష్టంగా కనిపించింది.

మోకాళ్ళ నొప్పులవారి మాటేమిటంటే, కుర్చీలో కూర్చుని కోలలు కలపొచ్చు, తాళం నెమ్మది చేయొచ్చు. కోలాటం గుడిదీ ఆడవాళ్ళదీ కదా అనేవారికి, మగవాళ్ళే ఆడిన ఊళ్ళూ ఉన్నాయి, పొలం పాటకైనా కోల పలుకుతుంది. అన్నిటికన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది: లోటు తెలిసేచోట తప్పూ తెలుస్తుంది, వెనకబడినవారు చిన్నబోయి మానేస్తారు. అందుకే బృందంలో పాట ఎత్తుకునేవారు, చిడతలు పట్టేవారు, కొత్తవారికి వరస నేర్పేవారు కూడా ఉండాలి. కాలు సాగనివారికి గొంతు పని, గొంతు లేనివారికి తాళం పని అప్పజెప్పాలి. వృద్ధుల కోసం కేంద్రాలు తెరిచేవారు కుర్చీలూ టీవీలూ లెక్కపెట్టడం కంటే, వచ్చే ప్రతి మనిషికీ అక్కడ తనదంటూ ఒక పని ఉందా లేదా అని చూసుకోవడం ముఖ్యం. వేళకు ఇల్లు కదిలించేది ఆరోగ్యం మీద భయం కన్నా, తాను రాకపోతే ఆట ఆగుతుందన్న బాధ్యతేనని నా నమ్మకం.